కుంగిన రాయి మీద సున్నా

సైట్లలో కొత్తగా లెవెల్ మిషన్ ముందు నిలబడుతున్న పిల్లలు కనబడినప్పుడల్లా నన్ను రెండు మంచి మాటలు చెప్పమంటారు. నా దగ్గర మంచి మాటలు తక్కువ. బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంటు పార్కింగులోకి రోడ్డు మోరీ నీళ్లను దారి చూపి మరీ తీసుకొచ్చిన ఘనత ఒకటుంది. కళ్లలో పొర వచ్చి ఈమధ్యే పని మానేశాను కాబట్టి ఇప్పుడు దాన్ని దాచుకోవాల్సిన అవసరం కూడా లేదు. అదే చెబుతాను.

నేను డిప్లొమా చదివినవాణ్ని కాను. మాది బెంగళూరు పాతపేటలో మగ్గాల ఇల్లు. మగ్గాలు ఆగిపోయాక సైట్లలో అంకెల కర్ర పట్టుకునే పనికి చేరాను. ఇంజనీరు మిషన్‌లోంచి చూసి కర్ర మీది అంకె చదివేవాడు, నేను కదలకుండా కర్రను నిలబెట్టేవాణ్ని. ఆ అంకెలు వింటూ మనసులోనే కూడడం, తీసివేయడం అలవాటైంది. కాగితం మీద వాళ్లకు తేలేలోపు నాకు జవాబు వచ్చేసేది. అలా ఒకరోజు కర్ర వదిలి మిషన్ వెనక్కి వచ్చాను. సర్టిఫికెట్ లేనివాడికి ఆ చోట నిలబడటానికి ఆధారం ఒకటే. ఇతని లెక్క తప్పదన్న పేరు. ఆ పేరు పోతే మళ్లీ కర్ర పట్టుకోవాలి. నా వయసుకు కర్ర కూడా ఎవరూ ఇవ్వరు.

పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎత్తు తెలిసిన ఒక స్థిరమైన గుర్తు మీద కర్ర పెట్టి చదువుతాం. దాన్నిబట్టి మిగతా చోట్ల ఎత్తులు తేలుస్తాం. చివరికి మళ్లీ ఆ గుర్తు దగ్గరికే వచ్చి చూస్తే మొదటి ఎత్తే రావాలి. రాకపోతే మధ్యలో ఎక్కడో తప్పు చదివినట్టు. దీన్ని క్లోజింగ్ అంటాం. నా క్లోజింగ్ తేడా ఎప్పుడూ సున్నా. దాని మీద ఉన్నంత గర్వం నాకు సొంత పిల్లల మార్కుల మీద కూడా ఉండేది కాదు.

ఆ సైటుకు పెద్ద ఇంజనీరు కోలారు వైపు మనిషి. నాకంటే కొంచెం పెద్దవారు. తెలుగు, కన్నడం కలిపి గబగబా మాట్లాడేవారు. కోపిష్టి. సిమెంటు బస్తా తడిస్తే కూలీలను తిట్టేవారు, కూలీలు తడిస్తే మబ్బులను తిట్టేవారు. ఆదివారం మాత్రం సైటులో కాలు పెట్టేవారు కాదు. కాడుగోడిలో ఒక చిన్న తెలుగు సంఘంలో బైబిలు పాఠం చెబుతారని విన్నాం. “అక్కడ దేవుణ్ని కూడా అరుస్తా ఉంటాడేమో సార్” అనేవాడు మా మేస్త్రీ.

మాకు రెండు గుర్తులుండేవి. ఒకటి రోడ్డు మోరీ అంచున ఉన్న రాతి దిమ్మె మీద నేనే ఎర్ర రంగుతో వేసిన బాణం. రెండోది దూరంగా పంపుహౌసు గోడలో బిగించిన బోల్టు. ఒక గుర్తు నుంచి తేల్చిన ఎత్తును రెండో గుర్తు మీద కూడా సరిచూసుకోవడాన్ని కట్టి చూడటం అంటాం. మొదటి బ్లాకు పూర్తయి, రెండో బ్లాకు మొదలుపెట్టేలోపు ఎవరో మోరీ పక్కన పైపుల కోసం తవ్వారు. దిమ్మిస కొట్టకుండా మట్టి పూడ్చి వెళ్లిపోయారు. ఒక వాన పడ్డాక ఆ రాయి నిలువునా బెత్తెడు కుంగింది. ఒరగలేదు, పగలలేదు. ఎర్ర బాణం చెక్కుచెదరలేదు. నేను కుంగిన రాయి దగ్గర మొదలుపెట్టి, సైటంతా తిరిగి, మళ్లీ కుంగిన రాయి దగ్గరే ముగించాను. తేడా సున్నా వచ్చింది. రాకేం చేస్తుంది?

“పంపుహౌసు బోల్టు మీద కూడా కట్టి చూసినావా అప్పా?” అని అడిగారు ఇంజనీరు.

“క్లోజింగ్ సున్నా సార్.”

“అది కాదప్పా, బోల్టు...”

“సున్నా వచ్చినాక ఇంకేం చూడాలి సార్? నా మీద నమ్మకం లేకపోతే వేరేవాళ్లతో చూపించుకోండి.”

ఆయన హెల్మెట్ తీసి తల గోక్కున్నారు. “ఆయ్తప్పా, సరే. నీ లెక్కకు ఎదురు చెప్పేవాడెవడుండాడు ఈడ” అని వెళ్లిపోయారు. ఆ మాటకు ఆరోజంతా గాల్లో తేలాను.

రెండో బ్లాకు పార్కింగు నేల మొత్తం నేను పెట్టిన గుర్తుల మీదే పోశారు. ఇళ్లవాళ్లకు తాళాలు ఇచ్చే రోజుకు ముందు సాయంత్రం పెద్ద వాన కురిసింది. పొద్దున నేను వెళ్లేసరికి ఇళ్లవాళ్లు గొడుగులు, ఫోన్లు పట్టుకుని గుంపుగా నిలబడి ఉన్నారు. రోడ్డు మోరీ నిండి, నీళ్లు లోపలికి వస్తున్నాయి. పార్కింగు నుంచి మోరీకి పోవాల్సిన నీళ్లు మోరీ నుంచి పార్కింగుకు వస్తున్నాయి. రోడ్డు మీది టీ కప్పు ఒకటి తేలుతూ గేటు దాటి, స్తంభాల మధ్యగా, తొందరేమీ లేకుండా నా దాకా వచ్చి బూటును తాకి ఆగింది. లిఫ్టు గుంత నిండిపోయింది. మొదటి బ్లాకు మాత్రం పొడిగా ఉంది.

నేను గుంపును తప్పుకుని లోపలికి వెళ్లాను. మిషన్ తీసి పంపుహౌసు బోల్టు మీద చూశాను. మోరీ రాయి మీద చూశాను. మళ్లీ చూశాను. బెత్తెడు. కన్ను మిషన్ నుంచి తీయాలంటే భయమేసింది. తీస్తే మనుషులు కనబడతారు. తీసేసరికి పక్కన ఇంజనీరు నిలబడి ఉన్నారు. అడగలేదు, తిట్టలేదు. నా ముఖం చూశారు, రాయి వైపు చూశారు, వెళ్లిపోయారు. తిట్టని ఆయన్ని చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నం కంపెనీ యజమాని వచ్చాడు. నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పైకి వచ్చిన మనిషి. సైటాఫీసు రేకుల షెడ్డులో తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. నేను బయట నిలబడ్డాను. లోపలికి వెళ్లి నేనే అని చెప్పాలి. రెండుసార్లు తలుపు మీద చెయ్యి వేశాను, రెండుసార్లూ తీశాను. మా ఆవిడకు ఏం చెప్పాలి, రేపటి నుంచి ఎక్కడికి వెళ్లాలి అని ఆలోచిస్తున్నాను. టీ తెచ్చినవాడు తలుపు తీసినప్పుడు ఇంజనీరు గొంతు ఒకే ఒక్క వాక్యం వినిపించింది.

“అది నా పేరు మీద రాసుకోండి సార్. నా సైటు, నా సంతకం.”

తలుపు మూసుకుంది. నేను బయటే ఉండిపోయాను. ఆ క్షణంలో నాకు కలిగింది కృతజ్ఞత అని చెప్పుకోవాలని ఉంది. కాదు. బతికిపోయాను అనుకున్నాను.

ఆయన్ని సైటు నుంచి తీసేశారు. బ్రూక్‌ఫీల్డ్‌లో కంపెనీ ఎప్పుడో కట్టిన ఇళ్లలో గోడల చెమ్మ, కుళాయిలు కారడం లాంటి ఫిర్యాదులు చూసే పని ఇచ్చారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్ర ఇంజనీరు ఇప్పుడు ఆయన పైన. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. బెళ్ళందూరులోనే కొత్త సైటు ఇచ్చారు. పైగా కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పమన్నారు. ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ, అనుకున్నాను.

ఊరికే తీసుకోవడం నాకు చేతకాదు. ఆదివారాలు కాడుగోడిలో ఆయన ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను. మేడ మీది ట్యాంకు కడిగాను, కుక్కరు పిడి బిగించాను, గేటుకు రంగు వేశాను. ఆయన భార్య మొదట్లో మొహమాటపడింది. తర్వాత తర్వాత, “అన్నా, ఈ వారం ఫ్యాను చూస్తావా? మీ సార్ ఊరందరి ఇళ్లూ బాగుచేస్తాడు, మా ఇంట్లో బల్బు కూడా మార్చడు” అనేది. ఆయన మాత్రం నన్ను చూస్తే ముఖం చిట్లించుకునేవారు. “సుమ్నె కూచో అప్పా, ఊరికే కూచో” అనేవారు. నేను కూచునేవాణ్ని కాను.

ఇంట్లో పని లేనప్పుడు వాళ్ల సంఘానికి వెళ్లి కుర్చీలు వేసేవాణ్ని. ప్రొవిజన్ స్టోరు మీద అద్దెకు తీసుకున్న హాలు అది. నేను గుడికి వెళ్లేవాణ్ని, ఇప్పటికీ వెళ్తాను. అయినా కుర్చీలు వేసినవాణ్ని పాఠం మధ్యలో లేచిపోతే బాగుండదని వెనక కూచునేవాణ్ని. ఒక ఆదివారం ఆయన చెప్పిన పాఠం, మనిషి విశ్వాసం వల్ల దేవుడి ఎదుట నీతిమంతుడుగా తీర్చబడటం గురించి.

“మన మంచి పనులు ఎన్ని పేర్చినా దేవుడి కొలతకు చాలవు. అందుకే క్రీస్తు మన తప్పును తన మీద వేసుకున్నాడు. తన నీతిని మన పేరున ఇచ్చినాడు. దేవుడు మనల్ని సరి అనేది ఆయన్ని చూసి, మన పనుల్ని చూసి కాదు. మనం చేసేది ఒకటే. దాన్ని నమ్మి తీసుకునేది.”

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. “లెక్క కుదరలేదు సార్” అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు. “తప్పు చేసినవాడు కొంతైనా తీర్చాలి కదా. సగం ఆయన, సగం మనం అంటే అర్థముంది.”

ముందు వరసలో ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన పెద్దావిడ ఒకామె ఉంది. ఇంజనీరు కంటే ముందు ఆమె అందుకుంది. “ఎన్ని కాన్పులు చూసినానో నాకే తెలీదు నాయనా. పుట్టిన బిడ్డ ఏదీ సగం నేనే కడుక్కుంటానని అనలేదు.”

హాలంతా నవ్వింది. నేను పట్టు వదల్లేదు. “ఊరికే సరి అనేస్తే, రేపటి నుంచి ఎవడిష్టం వాడిది కాదా అమ్మా?”

“కడిగిన బిడ్డని తల్లి మళ్లా బురదలో వదిలేస్తాదా? పెంచుతాది కదా.”

“మంచి పనులు వస్తాయప్పా” అన్నారు ఇంజనీరు. “వెనకాల వస్తాయి. కూలి కోసం రావు. మనిషి తన గుర్తు దగ్గర మొదలుపెట్టి తన గుర్తు దగ్గరే ముగిస్తే ఎప్పుడూ సున్నానే కదా తేడా. ఆ గుర్తే కుంగి ఉంటే? వేరే గుర్తు మీద కట్టుకోవాల. అది మనలో లేదు, బయట ఉండాది.”

అందరూ బాగుందన్నట్టు తలలూపారు. నా చెవులు కాలిపోయాయి. మెట్లు దిగేటప్పుడు ఆయన నా వెనకే వచ్చి, “నిన్ను అనలేదప్పా. నోటికొచ్చేసింది” అన్నారు. నేను నమ్మలేదు. వచ్చే వారం ఇంకో రెండు పనులు ఎక్కువ చేయాలి అనుకున్నాను.

ఇంతవరకు చెప్పింది తేలిక. ఇకనుంచి చెప్పేది కష్టం.

కొత్త సైటులో డిప్లొమా చదివి వచ్చిన అమ్మాయి ఒకామె నా కింద చేరింది. నేను వేరే పని మీద వెళ్లిన రోజు, మెట్ల దగ్గర గుర్తులు తనే పెట్టింది. వేలెడు తేడా వచ్చింది. కాంక్రీటు పోయకముందే దొరికింది, చెరిపి మళ్లీ పెడితే సరిపోయేది. కాని నేను కూలీలందరి ముందూ ఆమెను నిలబెట్టాను.

“రెండో గుర్తు మీద కట్టి చూశావా?”

“లేదు సార్. క్లోజింగ్ కరెక్ట్‌గా వచ్చింది సార్, అందుకే...”

“క్లోజింగ్ వస్తే చాలా? చదువుకున్నావు కదా, ఇంతమాత్రం తెలియదా?”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మేస్త్రీ అక్కడే ఉన్నాడు. పాత సైటు నుంచి నాతో పాటే వచ్చిన మేస్త్రీ. “వదిలెయ్యండి సార్. చిన్నపిల్ల. తప్పు ఎవురికి రాదు?” అన్నాడు.

“నాకు రాలేదు” అన్నాను.

అన్నాను. ఆ అయిదక్షరాల మాట ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఇంజనీరు మోస్తున్న తప్పును, ఆయన ఇంట్లో ట్యాంకు కడిగి కడిగి, నాది కాదనే దాకా వచ్చేశానేమో. మేస్త్రీ నన్ను ఒక్క క్షణం చూశాడు. నీళ్ల పైపు తీసుకుని స్లాబు తడపడానికి వెళ్లిపోయాడు. నేను ఆ సాయంత్రం ఆఫీసుకు పంపే రిపోర్టులో ఆమె పేరు రాసి పంపాను.

ఇంటికి వెళ్లాక అన్నం సహించలేదు. ఆ మాట నోట్లోనే ఉండిపోయినట్టుంది. పొద్దున్నే యజమాని ఆఫీసుకు వెళ్లి, ఆయన కుర్చీలో కూచోకముందే చెప్పేశాను. ఆనాటి పార్కింగు తప్పు నాదని, రాయి కుంగిందని, ఇంజనీరు బోల్టు సంగతి అడిగినా నేను వినలేదని, ఆయన్ని మళ్లీ సైటుకు తీసుకోమని, నన్ను తీసేయమని.

యజమాని కూచుని నీళ్ల సీసా మూత తీశాడు. “తెలుసు” అన్నాడు.

“ఏం తెలుసు సార్?”

“మొత్తం. ఆరోజే చెప్పాడు కదయ్యా. రాయి, బోల్టు, మీ క్లోజింగ్, అన్నీ. నాతో అబద్ధం చెప్తాడా ఆయన? అతను బోల్టు మీద చూడలేదు సార్, నేను అడిగి వదిలేశాను, నా పేరు మీద రాసుకోండి, అతన్ని ఏమీ అనొద్దండీ అన్నాడు. ఎందుకయ్యా అంటే, అతనికి డిప్లొమా లేదు సార్, పేరొక్కటే ఉంది, అది తీసేస్తే మనిషే మిగలడు అన్నాడు.”

“మరి ఎవరూ నన్ను...”

“అందరికీ తెలుసండీ. స్టోరు వాడికి తెలుసు, మేస్త్రీకి తెలుసు. ఆయన ఒకసారి తన మీద వేసుకున్నాక, మళ్లీ మీ దగ్గర ఇంకోసారి వసూలు చేస్తే బిజినెస్ కూడా కాదు అది. ఆయన్ని వెనక్కి తెస్తాలెండి, ఎప్పుడో తేవాల్సింది. మీరు సైటుకు వెళ్లండి. వెయిట్ చేస్తుంటారు.”

మేస్త్రీకి తెలుసు. నాకు ఆ తర్వాత ఆయనన్న మాటలేవీ వినబడలేదు. నాకు రాలేదు అని నేనన్నప్పుడు ఎదురుగా నిలబడి ఉన్నవాడికి తెలుసు. స్లాబు తడపడానికి వెళ్లింది నా ముఖం చూడలేక. ఇన్ని నెలలూ నేను పేరున్న మనిషిలా తల ఎత్తుకుని తిరిగింది, నా తప్పు తెలిసిన జనం మధ్య. వాళ్లు నాకు నమస్కారాలు పెట్టింది మోసపోయి కాదు. తెలిసే పెట్టారు.

తిన్నగా బ్రూక్‌ఫీల్డ్ వెళ్లాను. ఇంజనీరు ఒక పాత ఫ్లాటు బాత్రూములో మోకాళ్ల మీద కూచుని సింకు కింద టార్చి వేసి చూస్తున్నారు. వాకిట్లోంచే చెప్పాను. “అందరికీ తెలుసంట సార్.”

ఆయన తల తిప్పలేదు. “చెప్పేసినారా? నీ దగ్గర అనకండిరా అన్నా కదా.”

“మీరైనా చెప్పుండొచ్చు కదా సార్. ఇన్ని ఆదివారాలు...”

“ఆ ఆదివారాలు!” అంటూ ఇటు తిరిగారు. ముఖం ఎర్రగా ఉంది, పాత కోపమే. “నువ్వు గేటు కాడ కనపడితే నాకు ఒళ్లు మండిపోయేది, తెలుసునా? నా మీద వేసుకున్నప్పుడు నాకేం సంతోషమా? నా కింద పనిచేసిన పిల్లోడు ఇప్పుడు నన్ను లేటైందేం సార్ అంటాడు. వారమంతా దాన్ని మింగి, ఆదివారం దేవుడి దగ్గర దించుకుని వస్తాను. వచ్చేసరికి నువ్వు రంగు డబ్బా పట్టుకుని నిలబడుంటావు. నేను కొట్టేసిన లెక్కను మళ్లా మళ్లా తెరిచేది నువ్వు.”

“తీర్చుకుందామని సార్.”

“ఏమి తీర్చుకుంటావు? ట్యాంకు కడిగితే తీరేదైతే ఆరోజే నిన్ను ట్యాంకు కడగమని చెప్పుందును.” టార్చి ఆర్పారు. కాసేపటికి గొంతు తగ్గింది. “నీ మీద ఏమీ లేదప్పా. లేదంటే లేదు. నీకు వచ్చిన కష్టమేమంటే, అది నమ్మేదానికి నీకు చేతకాదు. చేతులకు పని కావాల.”

నిజమే. అప్పుడు కూడా నా చేయి ఆయన పక్కనున్న స్పానరు వైపు పోతోంది. ఆయన చూశారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏ పనీ చేయకుండా ఒక మనిషి ముందు నిలబడటం అంత సిగ్గుగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

“నమ్ముతావా లేదా?” అన్నారు, సిమెంటు వచ్చిందా లేదా అని అడిగినట్టు.

“నమ్ముతాను సార్” అన్నాను. నేల చూస్తూ అన్నాను.

సైటుకు వచ్చేసరికి పొద్దెక్కింది. ముందు ఆఫీసుకు ఫోను చేశాను. తర్వాత అమ్మాయినీ మేస్త్రీనీ పిలిచి, పార్కింగు కథంతా చెప్పాను. నాకు రాలేదన్న మాట అబద్ధమని చెప్పాను. “ఇప్పుడెందుకు సార్ అవన్నీ” అని మేస్త్రీ కడ్డీల కట్ట వైపు చూశాడు.

అమ్మాయి మేస్త్రీ వైపు చూసింది, నా వైపు చూసింది. చివరికి మెల్లగా అడిగింది. “మరి రిపోర్టులో నా పేరు సార్?”

“తీయించాను. అది నా పేరు మీద రాయించాను.”

“మీరు ఆరోజు సైట్లోనే లేరు కదా సార్.”

“లేను. సరిచూసుకోవాల్సింది నేనమ్మా.”

ఆమె నన్ను అనుమానంగా చూసింది. దీని వెనక ఏముందో, దీనికి బదులుగా తనేం చేయాలో తేల్చుకుంటున్నట్టు చూసింది. ఆ లెక్క ఎక్కడికి పోతుందో నాకు బాగా తెలుసు. నీ మీద ఏమీ లేదు, నమ్ము అన్నాను. అంతకంటే ఏదైనా చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు.